స్నాప్‌డీల్ ఎందుకు అమ్ముడుపోలేదు: బోర్డులో పెట్టుబడుల లెక్క

2017 జులై 31న ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ స్నాప్‌డీల్ ఒక ప్రకటన ఇచ్చింది. అమ్మకం చర్చలన్నీ ముగించామని, ఇకపై సొంతంగానే నడుస్తామని అందులో చెప్పింది. అంతకుముందు నెలల తరబడి ఫ్లిప్‌కార్ట్‌తో బేరం నడిచింది. కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. కంపెనీ చేతిలో డబ్బు తరిగిపోతోంది. దాదాపు మూడోవంతు వాటా ఉన్న జపాన్ ఇన్వెస్టర్ సాఫ్ట్‌బ్యాంక్ ఈ అమ్మకం జరగాల్సిందేనని పట్టుబట్టింది. అయినా బేరం కుదరలేదు.

అతి పెద్ద వాటాదారు కోరుకున్నది ఎందుకు జరగలేదో అర్థమైతే, పెట్టుబడిదారుల డైరెక్టర్లు స్టార్టప్ తలరాతను ఎలా మారుస్తారో అర్థమవుతుంది. బోర్డులో ఎవరికి ఎన్ని సీట్లు ఉన్నాయన్నది చివరగా చూడాల్సిన విషయం. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఆ డైరెక్టరును పంపిన ఫండ్ ఏ ధరకు లోపలికి వచ్చింది? కంపెనీ అమ్ముడైతే డబ్బు తీసుకునే వరుసలో ఎక్కడ నిలబడింది? ఏ నిర్ణయాలను ఒక్కచేత్తో ఆపగలదు? బయట ఇంకే కంపెనీలో డబ్బు పెట్టింది? ఈ నాలుగింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసుకుంటే, ఏ డైరెక్టర్ ఏ రోజు ఏ వైపు చెయ్యెత్తుతాడో చాలావరకు ముందే తెలిసిపోతుంది.

డబ్బు వచ్చిన వరుస

కునాల్ బహల్, రోహిత్ బన్సల్ 2010 ఫిబ్రవరిలో ఢిల్లీలో స్నాప్‌డీల్‌ను డిస్కౌంట్ కూపన్ల వ్యాపారంగా మొదలుపెట్టారు. మాతృసంస్థ పేరు జాస్పర్ ఇన్ఫోటెక్. తొలి రోజుల్లోనే కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే వెంచర్ ఫండ్లు నెక్సస్ వెంచర్ పార్ట్‌నర్స్, కలారి క్యాపిటల్ వచ్చాయి. కలారి తరఫున బోర్డులో కూర్చున్న వాణి కోలా హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన వ్యక్తి. కంపెనీ కూపన్లు వదిలేసి అమ్మకందారుల మార్కెట్‌ప్లేస్‌గా మారాక ఈబే, ఇంటెల్ క్యాపిటల్ లాంటివి చేరాయి.

2014 అక్టోబర్‌లో సాఫ్ట్‌బ్యాంక్ ఒక్కటే 62.7 కోట్ల డాలర్లు పెట్టింది. 2015 ఆగస్టులో అలీబాబా, ఫాక్స్‌కాన్, సాఫ్ట్‌బ్యాంక్ కలిసి మరో 50 కోట్ల డాలర్లు ఇచ్చాయి. 2016 ఫిబ్రవరిలో ఒంటారియో టీచర్స్ పెన్షన్ ఫండ్ ముందుండి నడిపిన 20 కోట్ల డాలర్ల రౌండ్‌లో కంపెనీ విలువను 650 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. అదే దాని శిఖరం. మధ్యలో, 2015 ఏప్రిల్‌లో మొబైల్ రీచార్జ్ కంపెనీ ఫ్రీచార్జ్‌ను దాదాపు 40 కోట్ల డాలర్లకు నగదు, షేర్లు కలిపి కొన్నారు.

ఏడాది తిరిగేసరికి లెక్క తారుమారైంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ మధ్య డిస్కౌంట్ల పోటీలో మూడో కంపెనీకి చోటు లేకుండా పోయింది. 2017 ఫిబ్రవరిలో వందల ఉద్యోగాలు తీసేశారు, ఫౌండర్లు తమ జీతం మొత్తం వదులుకున్నారు. అదే ఏప్రిల్‌లో ఫ్లిప్‌కార్ట్ మాత్రం టెన్‌సెంట్, ఈబే, మైక్రోసాఫ్ట్ నుంచి 140 కోట్ల డాలర్లు తెచ్చుకుంది.

ఏడు కుర్చీలు, నాలుగు రకాల అవసరాలు

ఆ నాటి బోర్డులో ఏడుగురు. ఇద్దరు ఫౌండర్లు, సాఫ్ట్‌బ్యాంక్ తరఫున ఇద్దరు, నెక్సస్ నుంచి ఒకరు, కలారి నుంచి ఒకరు, బయటి డైరెక్టరుగా భారతీ ఎంటర్‌ప్రైజెస్‌కు చెందిన అఖిల్ గుప్తా. చేతులు లెక్కపెడితే సాఫ్ట్‌బ్యాంక్‌వి రెండే. వాటాల్లో మూడోవంతు ఉన్నా, నెక్సస్, కలారి, ఫౌండర్లు ఒప్పుకోకుండా కంపెనీని అమ్మలేని హక్కులు ఆర్టికల్స్‌లో, అంటే కంపెనీ నియమావళిలో, ఉన్నాయి. చిన్న వాటా, పెద్ద వీటో. తొలి రౌండ్లలో రాసుకున్న వీటోలను తర్వాతి రౌండ్లలో ఎవరూ తీసెయ్యకపోతే ఇలాగే మిగులుతాయి.

సాఫ్ట్‌బ్యాంక్ అవసరం కంపెనీ బయట ఉంది. అమెజాన్‌ను ఎదుర్కోగల ఒకే పెద్ద భారతీయ కంపెనీలో గట్టి వాటా దానికి కావాలి. స్నాప్‌డీల్‌ను ఫ్లిప్‌కార్ట్‌లో కలిపితే తన షేర్లు ఫ్లిప్‌కార్ట్ షేర్లుగా మారతాయి, పైన కొత్త డబ్బు కూడా పెట్టొచ్చు. ఇక్కడ స్నాప్‌డీల్‌కు ఎంత ధర వస్తుందన్నది దానికి రెండో ప్రశ్న. ఫ్లిప్‌కార్ట్‌లో తను ఏ ధరకు ఎంత కొంటుందన్నది మొదటి ప్రశ్న. ఒకే వ్యక్తి బోర్డులో కూర్చుని అమ్మే కంపెనీ ధర గురించీ, బయట కొనే కంపెనీలో తన సంస్థ పెట్టుబడి గురించీ ఒకేసారి ఆలోచించాల్సి వస్తే, అది చిన్న ఇబ్బంది కాదు.

నెక్సస్, కలారి పరిస్థితి వేరు. చాలా తక్కువ ధరకు వచ్చిన ఫండ్లు అవి. 650 కోట్ల డాలర్ల లెక్కన కాగితం మీద వాళ్ల లాభం అపారం. అందులో చాలాభాగం చేతికి రాకుండానే కరిగిపోతోంది. వెంచర్ ఫండ్ ఆయుష్షు సాధారణంగా పదేళ్లు, దాని మీద ఒకటి రెండేళ్ల పొడిగింపు. ఇంత పెద్ద పెట్టుబడి చేతికి రాకపోతే, ఆ ఫండ్‌కు డబ్బిచ్చిన వాళ్లకు చూపించడానికి మిగిలేది తక్కువ.

వంద కోట్ల తేడా ఎవరికి పడుతుంది

ఈ గొడవ మాటల్లో అర్థం కాదు, అంకెల్లో అర్థమవుతుంది. కింది లెక్క స్నాప్‌డీల్‌ది కాదు, అర్థం చేసుకోవడానికి కట్టిన ఉదాహరణ. పద్ధతి మాత్రం దాదాపు ప్రతి టర్మ్ షీట్‌లో, అంటే పెట్టుబడి షరతుల పత్రంలో, ఉండేదే.

ఒక కంపెనీలో మొట్టమొదట వచ్చిన సీడ్ ఇన్వెస్టర్ 4 కోట్ల రూపాయలు పెట్టి 15 శాతం పట్టుకున్నాడు. తర్వాతి రౌండ్లలో వచ్చిన సిరీస్ ఏ ఇన్వెస్టర్ 40 కోట్లకు 25 శాతం, సిరీస్ బి ఇన్వెస్టర్ 200 కోట్లకు 30 శాతం తీసుకున్నారు. ఫౌండర్లకు 20, ఉద్యోగులకు షేర్లిచ్చే ఈసాప్ పూల్‌కు 10 మిగిలాయి. అందరికీ ఒక రెట్టు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంది. అంటే అమ్మకంలో పెట్టిన సొమ్ము వెనక్కి తీసుకోవడం, లేదా షేర్లను మామూలు ఈక్విటీగా మార్చుకుని వాటా ప్రకారం తీసుకోవడం, ఏది ఎక్కువైతే అది. ఆఖరున వచ్చినవాడు ముందు తీసుకుంటాడు.

కంపెనీ 250 కోట్లకు అమ్ముడైతే సిరీస్ బికి 200, సిరీస్ ఏకు 40, సీడ్‌కు 4 పోతాయి. ఫౌండర్లకు, ఉద్యోగులకు కలిపి మిగిలేది 6 కోట్లు. 30 శాతం వాటా ఉన్నవాళ్ల చేతికి వచ్చేది రెండున్నర శాతం కూడా లేదు.

400 కోట్లకు అమ్మితే సిరీస్ బి మళ్లీ 200 తీసుకుంటుంది. మిగతా 200 కోట్లను షేర్లు మార్చుకున్న మిగిలినవాళ్లు వాటాల నిష్పత్తిలో పంచుకుంటారు: సిరీస్ ఏకు దాదాపు 71, సీడ్‌కు 43, ఫౌండర్లకూ ఉద్యోగులకూ కలిపి 86. 600 కోట్లకు అమ్మితే సిరీస్ బికి అప్పుడూ 200, ఫౌండర్లకూ ఉద్యోగులకూ 171.

ఈ మూడు ధరల్లో సిరీస్ బికి వచ్చింది చూడండి. 200, 200, 200. ధర 200 కోట్ల నుంచి 667 కోట్ల దాకా ఎంత పెరిగినా ఆ ఫండ్‌కు ఒక్క రూపాయి అదనంగా రాదు. అంతకు మించితేనే షేర్లు మార్చుకోవడం దానికి లాభం. ఇవాళ 250 కోట్ల బేరం చేతిలో ఉంటే, ఇంకో రెండేళ్లు కష్టపడి 600 కోట్లకు తీసుకెళ్దామని ఫౌండర్ చెప్పే మాట ఆ డైరెక్టరుకు రుచించదు. రెండేళ్ల కష్టంలో నష్టభయం అతనిది, లాభం ఇతరులది. అతను చెడ్డవాడు కావడం వల్ల అలా ఓటేయడు, అగ్రిమెంట్ అతన్ని అక్కడ నిలబెట్టింది. బోర్డులో మాటలు వేడెక్కినప్పుడు ఫౌండర్లు మనుషుల్ని తప్పుపడతారు. తప్పు పట్టాల్సింది రెండేళ్ల కిందట తాము సంతకం పెట్టిన వరుసను.

ప్రిఫరెన్స్ పార్టిసిపేటింగ్ అయితే ఇంకా బరువు. సిరీస్ బి తన 200 తీసుకుని, మిగిలినదాంట్లో కూడా 30 శాతం పంచుకుంటుంది. 400 కోట్ల అమ్మకంలో దానికి 260, ఫౌండర్లకూ ఉద్యోగులకూ 86 బదులు 60. టర్మ్ షీట్‌లో ఒక్క పదం తేడా, విలువ 26 కోట్లు.

ఇప్పుడు అసలైన ముడి. 250 కోట్లకు అమ్మాలంటే ఫౌండర్ల సంతకం కావాలి, 6 కోట్లలో వాటా కోసం ఎవరు సంతకం పెడతారు? కాబట్టి అమ్మకపు సొమ్ములో 10 శాతం, అంటే 25 కోట్లు, ముందుగా పక్కనపెట్టి యాజమాన్యానికి ఇద్దామంటారు. దీన్ని కార్వ్-అవుట్ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క చూడండి: 250లో 25 పోతే 225. సిరీస్ బి 200 తీసుకుంటుంది. సిరీస్ ఏకు 40 బదులు 25. సీడ్‌కు సున్నా. ఈసాప్ ఉన్న ఉద్యోగులకు సున్నా. ఆ 25 కోట్లలో 15 సిరీస్ ఏ జేబులోంచి, 4 సీడ్ జేబులోంచి, 6 మామూలు షేర్లవాళ్ల జేబులోంచి వచ్చాయి. సిరీస్ బి ఒక్క పైసా ఇవ్వలేదు. అందుకే వరుసలో ముందున్న ఫండ్ డైరెక్టర్ కార్వ్-అవుట్‌ను ఎంతో ఉదారంగా ప్రతిపాదిస్తాడు.

దీనికి మందు ఉంది. కార్వ్-అవుట్‌ను పైనుంచి తీయకుండా, ముందు వరుస ప్రకారం అందరికీ పంచి, తర్వాత ప్రతి వర్గం నుంచి 10 శాతం కోయాలి. అప్పుడు సిరీస్ బి 20 కోట్లు, సిరీస్ ఏ 4 కోట్లు, సీడ్ 40 లక్షలు, మామూలు షేర్లు 60 లక్షలు ఇస్తాయి. మొత్తం అదే 25. ఈ ఒక్క వాక్యం షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌లో ముందే ఉంటే, అమ్మకం తొందర ఎవరికి ఉందో వాళ్లే దాని ఖర్చు కూడా మోస్తారు.

2017లో ఏం జరిగింది

స్నాప్‌డీల్‌లో సరిగ్గా ఈ ముడి దగ్గరే ఆగింది. నెక్సస్, కలారిలను ఒప్పించడానికే సాఫ్ట్‌బ్యాంక్‌కు వారాలు పట్టాయి. మేలో వాణి కోలా బోర్డు నుంచి తప్పుకున్నారు. ఫౌండర్లకు, ఆ రెండు తొలి ఫండ్లకు ప్రత్యేక చెల్లింపులు ఇచ్చే ప్రతిపాదన బయటికి వచ్చింది. చిన్న వాటాదారు అయిన ప్రేమ్‌జీ ఇన్వెస్ట్ బోర్డుకు లేఖ రాసింది: కొందరికే ప్రత్యేక చెల్లింపులు ఎందుకు, మిగతా వాటాదారుల సంగతేమిటి? పైన చూసిన 25 కోట్ల లెక్కే ఆ ప్రశ్న. ఎవరికైనా అదనంగా ఇస్తే అది వేరెవరి వాటాలోంచో రావాలి.

ఫ్లిప్‌కార్ట్ మొదట ఇవ్వజూపిన ధర సుమారు 55 కోట్ల డాలర్లు. బోర్డు కాదన్నది. తర్వాత 90 నుంచి 95 కోట్ల డాలర్ల దాకా పెరిగింది. శిఖరంతో పోలిస్తే అది ఏడోవంతు. జులై 27న ఫ్రీచార్జ్‌ను యాక్సిస్ బ్యాంక్ 385 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. రెండేళ్ల కిందట 40 కోట్ల డాలర్లకు కొన్నది, దాదాపు 6 కోట్ల డాలర్లకు పోయింది. ఈ అమ్మకం నష్టంలాగే కనిపిస్తుంది, కానీ బేరంలో బలాబలాలను మార్చింది అదే. చేతికి నగదు రాబోతుండటంతో, ఖర్చులు కోసుకుంటే సొంతంగా నిలబడగలమని చెప్పే వీలు ఫౌండర్లకు దొరికింది. నాలుగు రోజుల తర్వాత చర్చలు ముగిశాయి. ఫౌండర్ల నిర్ణయాన్ని గౌరవిస్తున్నామని సాఫ్ట్‌బ్యాంక్ ప్రకటించింది.

సాఫ్ట్‌బ్యాంక్ కావలసినదాన్ని వేరే దారిలో తెచ్చుకుంది. 2017 ఆగస్టులో తన విజన్ ఫండ్ ద్వారా నేరుగా ఫ్లిప్‌కార్ట్‌లోకి వెళ్లింది, 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు 77 శాతం కొన్నప్పుడు తన వాటా అమ్మేసి బయటపడింది. స్నాప్‌డీల్ ఖరీదైన వ్యాపారాలు వదిలించుకుంది. సరుకు రవాణా విభాగం వల్కన్ ఎక్స్‌ప్రెస్‌ను ఫ్యూచర్ గ్రూప్‌కు 35 కోట్ల రూపాయలకు అమ్మింది. 2021 డిసెంబర్‌లో ఐపీఓకు పత్రాలు దాఖలు చేసి, ఏడాదికి వెనక్కి తీసుకుంది. అది 2015లో కొన్న ఈ-కామర్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ యూనికామర్స్ మాత్రం 2024 ఆగస్టులో షేరు 108 రూపాయలకు ఐపీఓ చేసి లిస్టయింది. ఆ ఇష్యూలో అమ్మిన షేర్లలో సాఫ్ట్‌బ్యాంక్ సంస్థవి కూడా ఉన్నాయి.

అమ్మకపోవడం మంచిదైందా? వాటాదారుల డబ్బు లెక్కన అయితే కాదనే చెప్పాలి. ఫ్లిప్‌కార్ట్ షేర్లు తీసుకుని ఉంటే తొమ్మిది, పది నెలల్లో వాల్‌మార్ట్ ఇచ్చిన ధర వచ్చేది. అయితే 2017 జులైలో అది ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా, ధర మీద ఒప్పందం కుదిరినా పంపకం మీద కుదరలేదన్నదే.

సీటు ఉండి చేతులు కట్టేసినప్పుడు

దీనికి అద్దం తిప్పి చూసినట్టుండేది ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ కథ. అక్కడ బోర్డులో ఆరుగురు: ఫౌండర్ బైజు రవీంద్రన్, భార్య దివ్య గోకుల్‌నాథ్, తమ్ముడు రిజు రవీంద్రన్, ఎదురుగా ఇన్వెస్టర్ సంస్థలు ప్రోసస్, పీక్ ఎక్స్‌వీ, చాన్ జుకర్‌బర్గ్ ఇనిషియేటివ్ ప్రతినిధులు ముగ్గురు. 2020–21 ఆర్థిక సంవత్సరం లెక్కలు 18 నెలల ఆలస్యంగా బయటికి వచ్చాయి. 2021–22 లెక్కలు అందలేదంటూ 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. అదే సమయానికి ముగ్గురు ఇన్వెస్టర్ డైరెక్టర్లూ రాజీనామా చేశారు. తమ డైరెక్టర్ పదేపదే ఇచ్చిన సలహాలను యాజమాన్యం పట్టించుకోలేదని ప్రోసస్ తర్వాత బహిరంగంగా చెప్పింది.

రాజీనామా నిరసనగా బాగుంటుంది, ఆయుధంగా పనికిరాదు. మర్నాటి నుంచి బోర్డు పత్రాలు రావు, కొత్త సభల మినిట్స్ (చర్చల అధికారిక నమోదు) చూసే హక్కు పోతుంది, మిగిలిన ముగ్గురే బోర్డు. 2024 జనవరిలో కంపెనీ 20 కోట్ల డాలర్ల రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం) ప్రకటించింది. అందులో వాడిన విలువ, ఒకప్పటి 2,200 కోట్ల డాలర్లతో పోలిస్తే 99 శాతానికి పైగా తక్కువ. ఆ ధరలో పాల్గొనని ఇన్వెస్టర్ వాటా దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఫిబ్రవరి 23న ఇన్వెస్టర్లు అసాధారణ సర్వసభ్య సమావేశం పెట్టి ఫౌండర్‌ను తొలగించాలని ఓటేశారు. దానికి రెండు రోజుల ముందే కర్ణాటక హైకోర్టు ఆ తీర్మానాలను అప్పటికి అమలు చేయవద్దని ఆదేశించి ఉంది. రైట్స్ ఇష్యూ సొమ్మును విడిగా ఆపి ఉంచే ఎస్క్రో ఖాతాలో ఉంచమని కంపెనీ వివాదాల ట్రిబ్యునల్ అయిన బెంగళూరు ఎన్‌సీఎల్‌టీ చెప్పింది. 2024 జులైలో బీసీసీఐకి రావలసిన 158 కోట్ల రూపాయల బాకీ మీద కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఇన్వెస్టర్ డైరెక్టర్లు ముందుగా చేయగలిగిన పనులు చట్టంలో ఉన్నాయి. బోర్డు సమావేశం అయిన 15 రోజుల్లో ముసాయిదా మినిట్స్ అందాలి, 7 రోజుల్లో అభ్యంతరం రాయొచ్చు. అభ్యంతరం మాటగా కాకుండా రాతగా ఉండాలి, ఏ అంశం మీద ఎందుకు కాదన్నారో మినిట్స్‌లో చేరాలి. కంపెనీల చట్టం సెక్షన్ 168 ప్రకారం రాజీనామా చేసినా, పదవిలో ఉన్నప్పటి నేరాలకు బాధ్యత పోదు. కాబట్టి రాత లేని అసమ్మతితో డైరెక్టరుకు రక్షణ లేదు. పదిశాతం ఓటింగ్ వాటా ఉంటే సెక్షన్ 100 కింద సభ పెట్టమని కోరవచ్చు. బోర్డు 21 రోజుల్లో పిలవకపోతే వాటాదారులే పిలుచుకోవచ్చు. డబ్బున్నప్పుడు, కంపెనీ పేరు నిలబడి ఉన్నప్పుడు ఈ హక్కులు వాడితే ఫలితం ఉంటుంది. ఆడిటర్ వెళ్లిపోయాక వాడితే కోర్టు ఖర్చే మిగులుతుంది.

కాగితాల్లో ఎక్కడ పట్టుకోవాలి

మొదటిది, అగ్రిమెంట్‌లో రాసుకున్నది ఆర్టికల్స్‌లోకి ఎక్కిందా అన్నది. ప్రైవేట్ కంపెనీలో షేర్ల బదిలీ మీద పెట్టిన ఆంక్ష ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీకి వర్తించదని సుప్రీంకోర్టు 1991లో రంగరాజ్ కేసులో తేల్చింది. ఆర్టికల్స్ మార్చడానికి ప్రత్యేక తీర్మానం, అంటే వేసిన ఓట్లలో కనీసం నాలుగింట మూడొంతులు కావాలి, 30 రోజుల్లో ఎంజీటీ-14 ఫారం దాఖలు చేయాలి. రౌండ్ ముగిసిన హడావుడిలో ఇది వెనకబడుతుంది. రెండేళ్ల తర్వాత డ్రాగ్ హక్కు (మిగతావాళ్లతోనూ షేర్లు అమ్మించే హక్కు) వాడబోయినప్పుడు బయటపడుతుంది.

రెండోది ఓటు హక్కు. భారత్‌లో ఫండ్లు ఎక్కువగా కంపల్సరీ కన్వర్టబుల్ ప్రిఫరెన్స్ షేర్లు (తర్వాత తప్పనిసరిగా మామూలు షేర్లుగా మారేవి) తీసుకుంటాయి. చట్టం సాధారణ నియమం ప్రకారం ప్రిఫరెన్స్ షేర్లకు అన్ని విషయాల్లో ఓటు ఉండదు. ప్రైవేట్ కంపెనీకి 2015లో ఇచ్చిన మినహాయింపు వాడుకుని, మార్చుకున్నట్టు లెక్కవేసి ఓటిస్తామని ఆర్టికల్స్‌లో రాస్తేనే ఆ ఓటు నిలుస్తుంది. ఇది లేకుండా క్యాప్ టేబుల్‌లో, అంటే వాటాల పట్టికలో, కనిపించే శాతాలు సభలో ఓట్లుగా మారవు.

వీటో జాబితా మీదే ఎక్కువసేపు కూర్చోవాలి. టర్మ్ షీట్లలో ముప్పై, నలభై అంశాలు ఉంటాయి. చాలావాటికి అభ్యంతరం అక్కర్లేదు. కొత్త షేర్ల జారీ, అధీకృత మూలధనం పెంపు, కంపెనీ అమ్మకం, బడ్జెట్‌కు మించిన అప్పు, సంబంధిత పక్షాలతో లావాదేవీలు, ఆడిటర్ మార్పు, ఇవి ఇన్వెస్టర్ అడగడం న్యాయం. కానీ ఉద్యోగి నియామకం, మామూలు కొనుగోలు, బడ్జెట్ లోపలి ఖర్చు వీటోలోకి వస్తే కంపెనీ ఈమెయిల్ జవాబు కోసం ఆగుతుంది. అసలైన ప్రమాదం వీటో ఎవరి చేతిలో ఉందన్నది. ప్రతి ఇన్వెస్టరుకూ విడివిడిగా ఇస్తే, నాలుగో రౌండ్ నాటికి కంపెనీకి నలుగురు యజమానులు తయారవుతారు. అందరు ఇన్వెస్టర్లలో మెజారిటీ అన్న పద్ధతిలో పెట్టి, వాటా ఒక హద్దు కిందికి, 5 శాతం అనుకుందాం, పడిపోగానే వీటో పోయి సీటు పరిశీలకుడి స్థాయికి దిగేలా రాయాలి. స్నాప్‌డీల్‌ను కట్టేసింది ఈ రెండు వాక్యాలు లేకపోవడమే అనిపిస్తుంది.

కోరంలోనూ, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరులోనూ, ఇలాంటి ఉచ్చు ఉంది. చట్టం అడిగేది మూడోవంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. ఇన్వెస్టర్ డైరెక్టర్ ఉంటేనే కోరం అని ఆర్టికల్స్ అంటాయి. ఆయన రాకపోతే సభ వాయిదా, మళ్లీ రాకపోతే మళ్లీ వాయిదా. జీతాల ఖాతాకు సంతకం మార్చే తీర్మానం కూడా ఆగిపోతుంది. వాయిదా పడ్డ సభకు వచ్చినవాళ్లే కోరం, అయితే ఆ సభలో వీటో అంశాలు తీసుకోకూడదు అని రాస్తే ఇద్దరికీ భద్రత.

విదేశీ ఫండ్ వరుసలో ఉంటే పంపకం కాగితం మీద రాసినంత సులువుగా జరగదు. విదేశీ ఇన్వెస్టర్ తన షేర్లను భారతీయ కొనుగోలుదారుకు అమ్మేటప్పుడు విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం న్యాయమైన విలువకన్నా ఎక్కువ ధర తీసుకోకూడదు. ఒకే కంపెనీ షేరుకు ఒకరికి 100, ఇంకొకరికి 10 ఇస్తే, తక్కువకు అమ్మినవాళ్లకు ఆదాయపు పన్ను చట్టం విలువ లెక్క తలనొప్పి అవుతుంది. అందుకే ప్రిఫరెన్స్‌ను అమ్మకానికి ముందే షేర్ల మార్పిడి నిష్పత్తి సవరించి సర్దే ఏర్పాటు మొదటి రోజే రాసుకోవాలి. బేరం మధ్యలో దీన్ని కనిపెట్టి సర్దబోతే రెండు మూడు వారాలు ఇట్టే పోతాయి, కొనేవాడి ఓపిక అంతకంటే ముందే పోతుంది.

అమ్మకం మాట వచ్చిన రోజున

నామినీ డైరెక్టర్, అంటే ఫండ్ పంపిన డైరెక్టర్, ఆ ఫండ్ ఉద్యోగి అయినా, సెక్షన్ 166 ప్రకారం అతని బాధ్యత కంపెనీకి, మొత్తం వాటాదారులకు, ఉద్యోగులకు. తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా. ఫండ్ కొనే కంపెనీలో కూడా పెట్టుబడి పెట్టి ఉంటే, లేదా పెట్టబోతుంటే, చట్టం వ్రాతపూర్వక వెల్లడి ఎంత మేరకు అడిగినా, అంతకు మించి అడిగి మినిట్స్‌లో ఎక్కించాలి. ప్రైవేట్ కంపెనీలో వెల్లడించాక ఓటేయడానికి చట్టం అడ్డు చెప్పదు. కాబట్టి ధర చర్చ నడిపే చిన్న కమిటీలో ఆ డైరెక్టర్ ఉండకూడదని బోర్డే తీర్మానించుకోవాలి. బయటి డైరెక్టర్ ఒకరు, ఫౌండర్ ఒకరు, రెండువైపులా డబ్బు లేని ఇన్వెస్టర్ ఒకరు చాలు.

ఆ కమిటీ మొదటి సమావేశంలో ధర గురించి మాట్లాడకూడదు. ముందు పంపకం పట్టిక వెయ్యాలి. నిలువుగా ప్రతి వాటాదారు, అడ్డంగా ఐదారు ధరలు: ఇప్పుడున్న ఆఫర్, అందులో సగం, ఒకటిన్నర రెట్లు, ఆఖరి రౌండ్ విలువ. ప్రతి గడిలో చేతికి వచ్చే నికర సొమ్ము, లావాదేవీ ఖర్చులు, ఎస్క్రోలో ఆగే భాగం, కార్వ్-అవుట్ పోగా. ఈసాప్ ఉద్యోగుల వరుస విడిగా ఉండాలి, ఫౌండర్లతో కలిపేస్తే సున్నాలు కనిపించవు. ఏ ప్రత్యేక చెల్లింపు ఉన్నా, కన్సల్టెన్సీ ఫీజు అన్నా, పోటీ పడనందుకు పరిహారం అన్నా, అదే పట్టికలో వేరే నిలువు వరసగా చూపించి వాటాదారులందరికీ పంపాలి. దాచిపెట్టి తర్వాత ఒక్క లేఖతో బయటపడితే, స్నాప్‌డీల్‌లో లాగ మొత్తం బేరం మీద అనుమానం పడుతుంది.

రన్‌వే, అంటే చేతిలోని నగదుతో నడవగల కాలం, తొమ్మిది నెలలు ఉండగానే ఈ పట్టిక బోర్డు ముందుకు రావాలి. ఆరు నెలలకు దిగితే కొనేవాడికి తెలిసిపోతుంది, మూడు నెలలకు దిగితే గడ్డు రోజులు దాటడానికి బ్రిడ్జ్ లోన్ ఇచ్చే ఇన్వెస్టర్ చెప్పిందే ధర. అందుకని అమ్మే ఆలోచన లేకపోయినా ప్రతి బోర్డు పత్రంలో మూడు అంకెలు మొదటి పేజీలో ఉండాలి: బ్యాంకులో నగదు, నెలకు నికర ఖర్చు, కట్టాల్సిన టీడీఎస్, పీఎఫ్, జీఎస్టీ బకాయిలు. బకాయిల అంకె లేకపోతే రన్‌వే ఒకటి రెండు నెలలు ఎక్కువగా కనిపిస్తుంది, కొనేవాళ్లు లెక్కలు తనిఖీ చేసే డ్యూ డిలిజెన్స్‌లో ఆ తేడా ధరలోంచి కోతగా తిరిగివస్తుంది.

డ్రాగ్ హక్కు గురించి ఒక్క మాట. నిర్ణీత శాతం వాటాదారులు అమ్మాలనుకుంటే మిగతావాళ్లనూ అమ్మమని బలవంతం చేసే హక్కు అది. ఆ శాతం ఎంతన్నదాని మీదే అందరూ కొట్లాడతారు. దానికన్నా ముఖ్యం కనీస ధర. పై ఉదాహరణలో డ్రాగ్‌కు 313 కోట్ల కనీస ధర పెట్టి ఉంటే (అక్కడ సిరీస్ బి పోగా మిగిలే 113 కోట్లలో సిరీస్ ఏ వాటా 40 కోట్లు దాటుతుంది), సిరీస్ ఏ కూడా షేర్లు మార్చుకునే వైపు, అంటే ఫౌండర్ల వైపు, నిలబడేది. 250 కోట్ల దగ్గర ఆ ఫండ్‌కు ఫౌండర్లతో పనే లేదు.